రైలు కూస్తే లేవాలి

ఆ ఉదయం ఆకాశం సముద్రం వైపు తేటగా, పలాస వైపు మసగ్గా ఉంది. మబ్బులు ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక పూండి స్టేషను మీద ఆగిపోయాయి. గొడుగు తెచ్చినవాళ్ళు తేనివాళ్ళను చూస్తున్నారు. తేనివాళ్ళు పైకి చూస్తున్నారు. ఉమామహేష్ మాత్రం ఫోను చూస్తున్నాడు.

నౌపడ వైపు నుంచి ప్యాసింజరు వచ్చింది. ఒక ముసలాయన దిగాడు. ఆయన ఖాళీ చేసిన కిటికీ సీట్లో ఉమామహేష్ తలెత్తకుండానే కూర్చున్నాడు. రైలు కదిలింది.

"ఏవండీ, లెగండి."

తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుంది. భుజాన సంచి, అందులోంచి తొంగిచూస్తున్న టిఫిను డబ్బా.

"ఎందుకండీ?"

"ఆ సీటు కోసం నౌపడ నుంచి నిలబడ్డాను. ఆ తాతగారు పూండిలో దిగుతానని నాకు మాటిచ్చినారు."

"సీటు మీద పేరు రాసుందేటండీ?"

"రాయలేదు. రాసినా మీకు కనబడదు. మీ మెడ అంత పైకి లెగదు."

పక్కన చేపల తట్ట పెట్టుకుని కూర్చున్న ఆవిడ కిసుక్కున నవ్వింది.

"నేనేటి ముసిలోడినా?" అన్నాడు ఉమామహేష్.

"మరి నడుం మీద సెయ్యెందుకు? ఎక్కినకాణ్ణుంచి సూత్తన్నాను. ఓసారి కుడిపక్కకి వాలతారు, ఓసారి ఎడంపక్కకి. మీరు కూసోలేకపోతన్నారు, నేను నిలబడలేకపోతన్నాను. మారితే ఇద్దరికీ సుకం."

"లెగు బాబూ. గుంట నెమ్మదిగా సెప్పినప్పుడే లెగు" అంది చేపలావిడ.

లేచాడు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి నడుంలో బిగిసినదేదో వదులయింది. ఆ సంగతి మొహంలో కనబడనివ్వకూడదనుకున్నాడు.

"తగ్గింది కదా?" అంది ఆ అమ్మాయి, కిటికీలోంచి బయటికే చూస్తూ.

"లేదండి."

"సరే లెండి."

పలాసలో చెరో తలుపులోంచి దిగిపోయారు.

*

ఉమామహేష్‌ది బెంగళూరు కంపెనీ ఉద్యోగం. కరోనా రోజుల్లో ఇంటికి వచ్చి, ఇంటినుంచే పని చేస్తూ ఉండిపోయాడు. పరాయి దేశపు ఆసుపత్రుల కాగితాలు తెర మీదకి వస్తాయి. ఏ రోగికి ఏ రోగమో చదివి, దానికి తగిన కోడ్ నంబరు వెయ్యాలి. పొద్దున్న కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్ళీ కూర్చోవడం. తెర చూసి చూసి కళ్ళు ఇసుక పడ్డట్టు గరగరలాడేవి. పని అయిపోయాక ఆ అలసట తీరడానికి ఫోను చూసేవాడు.

నడుం నొప్పి శీతాకాలంలో మొదలైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మంచం మీంచి లేచేటప్పుడు ఒకసారి మూలిగాడు. తల్లి దేముడమ్మ విన్నది. విన్నట్టు కనబడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పూండి చుట్టుపక్కల ఈ ఉద్దానంలో ఎవరైనా నడుం నొప్పి అంటే ఏం బరువెత్తావని అడగరు. కాళ్ళ వైపు చూస్తారు, వాచాయేమోనని. ఆ ఇంట్లో ఉమామహేష్ పెదనాన్న కృష్ణారావు అలాగే పోయాడు. మొదట నడుం నొప్పి అన్నాడు. వాతం అన్నారు. నూనె రాసింది ఉమామహేషే, అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. తరవాత పరీక్ష చేయిస్తే కిడ్నీలన్నారు, ఊళ్ళో అందరూ ఉద్దానం నీళ్ళనే అనుమానించారు. ఆ మాట విన్న రోజు నుంచి ఆయన తోటలోకి వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతకు ముందురోజు వరకూ కొబ్బరిచెట్టు ఎక్కినవాడు.

ఆ జబ్బు కోడ్‌లన్నీ ఉమామహేష్‌కి నోటికి వచ్చు. ఏ దశకు ఏ నంబరో తెలుసు. తెలిసినవాడికి ధైర్యం తక్కువ.

ఆ రోజు పలాస వచ్చింది రక్తపరీక్షకే. కాశీబుగ్గలో ల్యాబు ఎదురుగా నిలబడ్డాడు. లోపలికి వెళ్ళినవాళ్ళనీ, దూదిముక్క అదుముకుంటూ బయటికి వచ్చినవాళ్ళనీ చూశాడు. ఎండెక్కింది. ల్యాబు పక్క మెట్ల మీద ఫిజియోథెరపీ అని బోర్డుంది. అక్కడ రక్తం తియ్యరు. మెట్లెక్కాడు.

"ఇక్కడ కూడా నా సీటు కోసమే వచ్చినారేటి?" అంది బల్ల వెనక నుంచి రైలమ్మాయి. ఇప్పుడు తెల్లకోటు వేసుకుంది. దాని మీద ప్రమోదిని అని కుట్టి ఉంది.

వెనక్కి తిరుగుదామనుకున్నాడు. నడుం తిరగలేదు.

వంగమంది. వంగాడు. వెనక్కి వాలమంది. ఒక కాలు ఎత్తమంది. మెడ తిప్పమంది. వేళ్ళతో వెన్నుపూసలు తడిమింది. ఎలక్ట్రిక్ స్తంభాన్ని చూసే లైన్‌మ్యాన్ లాగా చూసింది, అంతే.

"ఎంతసేపు కూసుంటారు?"

"పనున్నంతసేపు."

"పనెంతసేపు?"

"లేచున్నంతసేపు."

"లేచి ఏటి సేత్తారు?"

"కూసుంటాను."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"రక్తం, మూత్రం పరీక్ష సేయించినారా? ఉద్దానం నుంచి నడుం నొప్పని ఎవరొచ్చినా ముందు అదడగమంటారు మా సారు."

ఉమామహేష్ గోడ మీద వెన్నెముక బొమ్మ వైపు చూశాడు. "సేయించానండి. బాగానే ఉంది."

"అయితే మీ రోగం కుర్చీ" అంది. "కూసుని కూసుని తొడ వెనక కండరాలు పొట్టిగా అయిపోనాయి. నడుం బరువంతా ఎముకలే మోస్తన్నాయి. మందు లేదు. మధ్యమధ్యలో లెగాల. లేచి నడవాల. కళ్ళని దూరంగా పంపాల. మహేంద్రగిరి కనబడుతాదా మీ డాబా మీంచి?"

"గాలి తేటగా ఉంటే కనబడుతాది."

"దాన్ని సూడండి. దూరంగా ఉన్నదాన్ని సూత్తే కంటి కండరం వదులవుతాది. రెప్పలు కూడా కొట్టండి, తెర ముందు కొట్టడం మర్చిపోతారు."

"ఫోన్లో అలారం పెట్టుకుంటాను, అరగంటకోసారి."

"వద్దు. అలారం ఆపడానికి ఫోను తీత్తారు, తీసినాక దాన్నే సూత్తారు. మీ ఇంటికాడ రైలు కూత వినబడుతాదా?"

"ఎందుకు వినబడదు? పట్టాలు తోట అవతలే."

"అయితే రైలు కూత్తే లెగండి. గూడ్సయినా సరే."

*

ఈ సంగతి ఇంట్లో చెప్పడమే అతను చేసిన పొరపాటు. నాయనమ్మ బొడ్డమ్మకు వేరే పని లేదు. వీధరుగు మీద కూర్చుని రైళ్ళ కోసం కాచుకునేది.

"ఒరే! రైలూ! లెగరా!"

మేనేజరు వరుణ్‌తో వీడియో మీటింగు జరుగుతుండగా కూడా అదే కేక. ఉమామహేష్ లేచాడు. తెర మీద అతని చొక్కా గుండీలు మాత్రం కనిపించాయి.

"ఏమైంది ఉమా? ఎవరైనా వచ్చారా?"

"గూడ్సొచ్చింది సార్."

విషయం విని వరుణ్ కాసేపు ఆలోచించాడు. అతనికీ మెడ పట్టేసి మూడు రోజులైంది. "ఇక్కడ మాకు రైలు లేదు. మీ రైలుకే మేమూ లేస్తాం. మ్యూట్ తీసి పెట్టు" అన్నాడు. ఆ వేసవిలో పూండి మీదుగా పోయే గూడ్సులకి బెంగళూరులో కొందరు లేచి నిలబడేవారు. ఎందుకు లేస్తున్నారో ఆ ఆఫీసులో మిగతావాళ్ళకి తెలియదు.

పొద్దున్న ప్యాసింజరు వేళకు మాత్రం ఉమామహేష్ ఇంట్లో ఉండేవాడు కాదు. తోట దాటి, పట్టాల పక్క కంచె దాకా నడిచేవాడు. నడవాలి కదా. కంచె దగ్గర నిలబడి మెడ కసరత్తు చేసేవాడు. మెడ కదా.

రైలు స్టేషను నుంచి అప్పుడే కదిలి నెమ్మదిగా వచ్చేది. మొదటిరోజు ప్రమోదిని చూసింది. రెండోరోజు కిటికీలోంచి చూపుడువేలు తన గడ్డం మీద పెట్టి లోపలికి నొక్కి చూపించింది. గడ్డం లోపలికి. అతను నొక్కాడు. తరవాతి రోజు భుజాలు కిందికి అంది, చేత్తోనే. ఇంకో రోజు బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆ రోజు ఉమామహేష్ కోడ్‌లు తప్పు వేశాడు. వరుణ్ అడిగితే నెట్ బాలేదన్నాడు.

ఎదురుపడి మాట్లాడుకున్నది క్లినిక్‌లోనే.

"మహేంద్రగిరిని సూత్తన్నారా?"

"సూత్తన్నాను."

"ఎటుంటాది?"

"ఉత్తరంగా."

"మరి నౌపడ దక్షిణం కదా. నిన్న సాయంత్రం రైల్లోంచి సూసేను, డాబా మీద దక్షిణంకేసి తిరిగున్నారు."

"దూరంగా సూడమన్నారు. ఎటని సెప్పలేదు."

ఆమె ఈసారి పెన్ను మూత వెతుక్కోలేదు. నవ్వేసింది.

*

కసరత్తులు చేస్తున్నా నొప్పి పూర్తిగా పోలేదు. "మీ కుర్చీని సూడాల" అని ఒక ఆదివారం ప్రమోదిని పూండిలో దిగింది.

కుర్చీ ప్లాస్టిక్‌ది, ఒక కాలు సొట్ట. ల్యాప్‌టాప్ నూనెడబ్బా మీద ఉంది. చూసి హాల్లోకి వచ్చింది. హాల్లో గోడ పక్క జీడిపిక్కల బస్తాలు పేర్చి ఉన్నాయి, ఆ ఏటి పంట. ఉమామహేష్‌ని వాటి ముందు నిలబెట్టింది. మోచేతి దాకా వచ్చాయి. ల్యాప్‌టాప్ తెచ్చి పైన పెట్టింది, దాని కింద రెండు పీటలు వేసి తెర కళ్ళకు ఎదురుగా తెచ్చింది. టైపు చెయ్యడానికి వేరే కీబోర్డు కొనమంది.

"సగం పని నిలబడి, సగం పని కూసుని. మొత్తం నిలబడిపోకండి, మళ్ళీ కాళ్ళు పట్టేత్తాయి."

"అవి అమ్మాలమ్మా, బేరం కుదిరింది" అన్నాడు ఉమామహేష్ తండ్రి నీలకంఠం, బస్తాల వైపు చూస్తూ.

"అమ్మేత్తే ఈయన మళ్ళీ కిందకి దిగిపోతారండీ."

నీలకంఠం తల గోక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

అన్నం తిని వెళ్ళమని దేముడమ్మ పట్టుపట్టింది. పనసకాయ కూర, పప్పుచారు. ప్రమోదిని మొదటి ముద్ద పెట్టుకుని ఆగింది. ఆమె తండ్రి వైకుంఠరావు నౌపడ ఉప్పు మడుల్లో మేస్త్రీ. ఆ ఇంట్లో ఉప్పు చాలకపోవడమనేది ఎప్పుడూ లేదు.

"అమ్మా, కూరలో ఉప్పు మర్చిపోనారు."

దేముడమ్మ పప్పుచారు గిన్నె ముందుకు జరిపింది. పప్పుచారు కలుపుకుంది. అందులోనూ లేదు. మిగతావాళ్ళని చూసింది. అందరూ ఆ చప్పిడి కూడే తింటున్నారు, అలవాటైనట్టు.

"మర్చిపోలేదమ్మా" అంది బొడ్డమ్మ. "మానేసినాం. గుంటడికి కిడ్నీ కదా. ఆడొక్కడికే సప్పగా ఎడితే తెలిసిపోతాది. అందుకని అందరం మానేసినాం."

దేముడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఉమామహేష్ పళ్ళెంలోకి చూస్తున్నాడు. కూరలో ఉప్పు లేదని అతనికీ ఎప్పుడో తెలుసు. అడిగితే ఎందుకో చెబుతారని అడగలేదు.

"పరీక్షలో బాగున్నాదని సెప్పినారు కదా" అంది ప్రమోదిని.

"పరీక్షా?" అంది దేముడమ్మ. "ఇంకా సేయించలేదమ్మా. ఈడెల్లడు. ఎల్లమని సెప్పడానికి మాకు నోరు రాదు."

ప్రమోదిని పళ్ళెంలో ఉన్నది మొత్తం తిన్నది. చెయ్యి కడుక్కుంది. వెళ్ళొస్తానని పెద్దావిడకు చెప్పింది.

దిగబెట్టడానికి ఉమామహేష్ వెంట నడిచాడు, స్టేషనుకు వచ్చేసరికి వాన పట్టుకుంది. రేకుల కింద ఇద్దరే ఉన్నారు. చినుకులు రేకు మీద పడి ఒకరి మాట ఒకరికి సగమే వినిపిస్తోంది.

"ఎందుకు అబద్ధమాడినారు?"

ఉమామహేష్ పట్టాల వైపు చూశాడు. "పెదనాన్న బాగానే ఉండేవోడు. పరీక్షయిన రోజే రోగి అయిపోనాడు."

"పరీక్ష సేయించకపోతే రోగం రాదేటి?"

"పొద్దున్న రైలొస్తాది. కాసేపు బాగుంటాది. అది కూడా పోతాదేమోనని."

ఆమె ముఖం మెత్తబడింది. అయినా గొంతు మెత్తబడలేదు. "మీ మాట నమ్మి మీ వీపు మీద సెయ్యేసి వైద్యం సేసినాను. మీది కుర్చీ రోగమేనని నాకు ఇప్పుడూ అనిపిస్తాది. అనిపించడం సాలదండీ. కుర్చీ మీద వాలినట్టు నా మాట మీద వాలిపోయి కూసున్నారు మీరు."

నౌపడ వైపు వెళ్ళే బండి వచ్చింది. తడుస్తూనే ఎక్కింది. కిటికీ తలుపు దించుకుంది, వానకేమో.

*

మర్నాడు రైలు వచ్చింది. ప్రమోదిని అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది. జడ మాత్రం కనిపించింది. ఆ మర్నాడూ అంతే. ఉమామహేష్ కంచె దగ్గర గడ్డం లోపలికి నొక్కుకుని నిలబడ్డాడు. సైగ చేసేవాళ్ళు లేరు. అయినా నొక్కాడు.

"ఒరే, రైలెల్లిపోయి సేనాసేపయింది, రా" అని బొడ్డమ్మ తోటలోంచి కేక వేసేది.

ఒక పొద్దున్న కంచె దాకా వెళ్ళలేదు. తిన్నగా స్టేషనుకు వెళ్ళాడు. రైలెక్కి ఆమె సీటు ముందు నిలబడ్డాడు.

"లెగండి."

"సీటు మీద పేరు రాసుందేటి?"

"సీటు వద్దు. రక్తం ఇయ్యడానికెల్తన్నాను. ఒక్కణ్ణీ ల్యాబు లోపలికి ఎల్లలేను. ఇదివరకే ఓసారి సూసుకున్నాను."

ప్రమోదిని అతని ముఖంలోకి చూసింది. లేచింది. ఖాళీ అయిన సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. ఇద్దరూ పలాస దాకా తలుపు దగ్గర నిలబడే వెళ్ళారు.

ల్యాబులో నూకయ్య అని టెక్నీషియను. చేతికి రబ్బరు కట్టాడు. ఉమామహేష్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి పక్క కుర్చీలో ప్రమోదిని చెయ్యి చాపి కూర్చుని ఉంది.

"నాకూ తియ్యండి."

"మీకేటయిందండీ మేడం?"

"ఏటీ అవలేదు. నౌపడ నీళ్ళకి మాత్రం గేరంటీ ఎవరిచ్చినారు?"

ఫలితం సాయంత్రం ఇస్తామన్నారు. ఆమె క్లినిక్‌కి సెలవు చెప్పింది. కాశీబుగ్గ వీధుల్లో నడిచారు. జీడిపప్పు బట్టీల వాసన, లారీల దుమ్ము, బస్సుల హారన్లు. ఉమామహేష్ ఆ రోజంతా ఫోను తియ్యలేదు. ఎన్నాళ్ళుగానో లేని సంగతి అది. నొప్పి గుర్తుకు రాలేదని కూడా సాయంత్రానికి గాని తెలియలేదు.

నూకయ్య బయటికి వచ్చి మామూలుగా చెప్పాడు. "ఇద్దరియ్యీ బాగున్నాయి. డాక్టరు గారికి సూపించీయండి."

డాక్టరు చూశాడు, ఉప్పు మామూలుగా తినమన్నాడు, ఉద్దానంలో ఉన్నవాళ్ళు ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవడం మంచిదే అన్నాడు, తరవాతి రోగిని పిలిచాడు. ఇన్ని నెలల భయానికి ఆయన వెచ్చించిన సమయం అంతే.

ఉమామహేష్ మెట్ల మీద కూలబడ్డాడు.

"మళ్ళీ కూసున్నారు" అంది ప్రమోదిని.

"ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడగొచ్చా?"

"పొద్దున్న అడగాల్సింది."

"పొద్దున్న ఫలితం రాలేదు కదండీ."

"నేను ఫలితం కోసం ఆగలేదు" అంది. "మీరే ఆగినారు."

అతను లేచి నిలబడ్డాడు. అదే జవాబనుకుందో ఏమో, ఆమె పక్కనే నడిచింది.

*

నౌపడలో ప్రమోదిని పెళ్ళి మాట చెప్పేసరికి వైకుంఠరావు చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఎక్కువ మాట్లాడడు. కులం ఏమిటని అడగలేదు, జాతకం అడగలేదు.

"ఉద్దానానికి పిల్లనివ్వను."

"పరీక్ష బాగున్నాది నాన్నా."

"ఈయేడు బాగున్నాది."

వచ్చే ఏటికి హామీ ఎవరి దగ్గరా ఉండదు. ఆయన చెల్లెల్ని సోంపేట అవతల ఇచ్చారు, అదీ ఉద్దానమే. ఇప్పుడామె బొట్టు లేకుండా అన్నగారింట్లోనే ఉంటోంది. ఆ మాటలు వింటూ ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది, అటూ ఇటూ చెప్పకుండా.

కొన్నాళ్ళు తండ్రీ కూతుళ్ళకు మాటలు అవసరమున్నంతే. ఒక రాత్రి కూర వడ్డిస్తూ ప్రమోదిని అంది. "ఒక్కడి కోసం ఆ ఇంట్లో అందరూ ఉప్పు మానేసినారు నాన్నా. ఆడికి తెలియకూడదని."

"అందరూ ఉప్పు మానేత్తే మన పనేటి?" అన్నాడాయన. అన్నం కలుపుతూ, "ముసిలామె కూడానా?" అని అడిగాడు.

"ఆవిడ కూడా."

ఒక ఆదివారం పొద్దున్న చొక్కా తొడుక్కుని, ఇంటి నీళ్ళు సీసాలో పట్టుకుని, "పద, సూసొద్దాం" అన్నాడు.

పూండి నుంచి నడిచే వచ్చారు. నీలకంఠం ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. వైకుంఠరావు కూర్చోలేదు. ఉమామహేష్ వైపు తిరిగి "సముద్రం ఎంత దూరం?" అన్నాడు.

"కాస్త దూరమేనండి."

"నడుద్దాం."

నడిచారు. కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలు, జీడితోటలు, సరుగుళ్ళు. పెద్దాయన ఉప్పు మడుల గట్ల మీద బతికినవాడు, ఇసుకలో కూడా వేగం తగ్గించడు. ఉమామహేష్ వెనకబడలేదు. వేసవి మొదట్లో అయితే తోట దాటకముందే నడుం పట్టుకునేవాడు. సముద్రం దగ్గర వైకుంఠరావు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళని చూశాడు, కెరటాలను చూశాడు, పక్కవాడిని చూశాడు.

"ఏడాదికోపాలి పరీక్ష సేయిస్తావా?"

"సేయిస్తానండి."

"తప్పించుకోవు కదా?"

ఉమామహేష్ తల అడ్డంగా ఊపాడు. "భయమేస్తాదండి. భయపడుతూనే సేయిస్తాను."

వైకుంఠరావు సీసా తీసి రెండు గుక్కలు తాగి, మూత బిగించాడు. వెనక్కి నడిచారు.

ఇంట్లో హాలు ఖాళీగా ఉంది. పంట అమ్మేశారు. గోడ పక్క కొన్ని బస్తాలు మాత్రం మిగిలాయి, మోచేతి ఎత్తున, వాటి మీద పీటలు, పీటల మీద ల్యాప్‌టాప్.

"అయ్యెందుకు అమ్మలేదు?" అని అడిగాడు వైకుంఠరావు. "ఇప్పుడు రేటుంది కదా."

"అమ్మితే ఈడు మళ్ళీ కూలబడతాడండీ" అన్నాడు నీలకంఠం. "బల్ల సేయిద్దామంటే వడ్రంగి దొరకలేదు. పోన్లెండి, ఉండనీ."

వైకుంఠరావు బస్తా మీద చెయ్యి వేసి, గట్టిదనం చూసేవాడిలా ఒకసారి నొక్కాడు.

దేముడమ్మ చాప పరిచింది. ప్రమోదిని తండ్రి పక్కన కూర్చుంది. ఎదురుగా ఉమామహేష్, నీలకంఠం. బొడ్డమ్మ గోడకు ఆనుకుంది. అన్నం, చేపల పులుసు, వంకాయ వేపుడు. అందరి పళ్ళేల దగ్గరా స్టీలు గ్లాసులతో నీళ్ళు. వైకుంఠరావు పళ్ళెం దగ్గర గ్లాసు ఉంది, దాని పక్కన ఆయన తెచ్చుకున్న సీసా కూడా ఉంది. అందరూ సీసాను చూశారు. చూడనట్టు అన్నం కలుపుకున్నారు.

పులుసు కారంగా ఉంది. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. ఎడమచేతిని సీసా వైపు చాపాడు. చెయ్యి సీసాను తాకి, దాన్ని గోడవైపు జరిపింది. గ్లాసు అందుకుంది.

ఆయన గ్లాసెడు నీళ్ళూ ఆపకుండా తాగాడు.

ప్రమోదిని తల వంచుకునే ఉంది. ఉమామహేష్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బొడ్డమ్మ లేవబోయింది గాని దేముడమ్మే ముందు లేచి, ఖాళీ గ్లాసు నింపింది. ఆయన వద్దనలేదు. నీలకంఠం పులుసు గిన్నె ఆయన వైపు జరిపాడు.

అందరూ అన్నం తిన్నారు.